పదిహేడు నంబరు పానా

అందరికీ నమస్కారం. పాత లారీ బాగుచేస్తున్నానంటే అందరూ ఇంజన్ గురించి, రంగు గురించి అడుగుతారు. నేను మాత్రం ఈ పూట బోల్టుల గురించే మాట్లాడతాను. విసుగొస్తే బయట టీ ఉంది, మొహమాటపడకండి.

మన బండి టాటా మెర్సిడెస్ బెంజ్. 1954లో టాటాల లారీ కంపెనీ టెల్కో, జర్మనీ కంపెనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో ఈ లారీల తయారీ మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969 దాకా నడిచింది. జర్మన్ డిజైన్ కాబట్టి బోల్టులు మిల్లీమీటర్ల లెక్క. అదే కాలంలో మద్రాసు నుంచి వచ్చిన లేలాండ్ కామెట్‌ది ఇంగ్లండు వాళ్ల అంగుళాల లెక్క. రెండూ ఒకే రోడ్డు మీద తిరిగాయి, ఒకే షెడ్డులో రిపేరయ్యాయి. రాత్రికి లోడు వెళ్లాలంటే మేస్త్రీ చేతికి ఏది దొరికితే అది బిగించాడు. కాబట్టి బండికి ఇప్పుడున్న బోల్టే అసలుదని నమ్మకండి.

ముందు తల చూడండి. 10 మిల్లీమీటర్ల మందం బోల్టుకు పాత జర్మన్ కొలతలో 17 నంబరు పానా పడుతుంది. తర్వాత వచ్చిన ఐఎస్ఓ, అంటే అంతర్జాతీయ కొలతలో అదే బోల్టుకు 16 చాలు. అంటే 16 పట్టిందంటే ఆ బోల్టు తర్వాత వేసిందన్నమాట. 12 బోల్టుకు అప్పుడు 19, ఇప్పుడు 18. మన పెట్టెలో ఉండేవేమో 16-17, 18-19 జోడు పానాలు. ఇటు పట్టకపోతే అటు తిప్పి పెట్టేస్తాం, తేడా కంటపడదు. నేనైతే చాలా ఏళ్లు గమనించనే లేదు.

తల మీద బోల్టు బలం చెప్పే గుర్తులు కూడా చదవండి. 8.8, 10.9 అని మధ్యలో చుక్క ఉంటే అది తర్వాతి పద్ధతి. పాత జర్మన్ గుర్తులు 8జీ, 10కే అని ఉంటాయి. సుమారుగా 8జీ అంటే నేటి 8.8, 10కే అంటే 10.9. మట్టి, గ్రీజు కింద ఇవి దాక్కుంటాయి. వైర్ బ్రష్ గట్టిగా వేస్తే అరిగిపోతాయి కూడా. కిరసనాయిలులో ఒక రాత్రి నాననివ్వండి.

ఇక మర, అంటే థ్రెడ్. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. 5/16 అంగుళం బోల్టు 7.94 మిల్లీమీటర్లు, అంటే కంటికి 8 బోల్టే. కానీ 8 బోల్టు మరకూ మరకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, ఇంగ్లండు వాళ్ల పాత మర పద్ధతి విట్‌వర్త్‌లో 5/16 బోల్టుకు 1.41. ఒకదాని మరలో రెండోది పెడితే రెండు చుట్లు హాయిగా వెళ్తుంది, తర్వాత బిగుసుకుంటుంది. తుప్పేమో అనుకుని పానాకు పైపు తగిలించి తిప్పాను. పోత ఇనుప హౌసింగులో మర మొత్తం ఊడొచ్చింది. మర దూరం కొలిచే మూడు వందల రూపాయల థ్రెడ్ గేజ్ కొనడానికి బద్ధకించిన ఫలితం!

అసలు బోల్టు నమూనా కావాలంటే ఎవరి చెయ్యీ పడని చోట వెతకండి. గేర్‌బాక్సు కవర్ల లోపల, ఛాసిస్‌లో, అంటే బండి కింది చట్రంలో ఇరుకు మూలల్లో. ఛాసిస్ అడ్డకమ్మీ, అదే క్రాస్‌మెంబర్ దగ్గర రివెట్ల వరసలో ఒక్కచోట బోల్టు కనిపిస్తే, అది తర్వాత చేసిన రిపేరే.

క్యాబిన్ విషయంలో మాత్రం కంపెనీ బోల్టు అని పట్టుపట్టకండి. చాలా లారీలు ఛాసిస్‌గా వచ్చి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చెక్కతో, రేకుతో బాడీ కట్టించుకున్నవే. అక్కడ వడ్రంగి వాడిన గుండ్రటి తల బోల్టే అసలుది.

మెరుస్తాయని స్టెయిన్‌లెస్ బోల్టులు వేసేవాళ్లున్నారు. చూడ్డానికే పరాయిగా ఉంటాయి. పైగా బజార్లో దొరికే మామూలు రకం 8.8 కంటే బలం తక్కువ. స్ప్రింగుల దగ్గర అస్సలు వద్దు. ఇంజన్ లోపలి కనెక్టింగ్ రాడ్డు బోల్టుల్లోనూ, బ్రేకుల్లోనూ పాతవే కావాలనే పంతం నాకు లేదు. సాగిన బోల్టు ఎంత అసలుదైనా తీసేసి కొత్తది వేస్తాను. తీసినవి డబ్బాలో వేసి చీటీ అంటించి ఉంచుతాను, అంతే.

బోల్టులు తెచ్చినవాళ్లు ముందుకు రండి. మందం కొలిచే వెర్నియర్, థ్రెడ్ గేజ్ రెండూ ఇక్కడే ఉన్నాయి.