ఒడూలో కంట్రీస్ పేజీ: ఎవరూ తెరవని తెరకు ఒక రివ్యూ

నమస్కారం. ఈసారి రివ్యూకి ఏది తీసుకున్నానో చెబితే మా ఇంట్లోవాళ్లే నవ్వారు. వ్యాపార లెక్కలు, బిల్లులు చూసుకునే ఒడూ సాఫ్ట్‌వేరులో దేశాల జాబితా! కాంటాక్ట్స్‌లోకి వెళ్లి, కాన్ఫిగరేషన్ నొక్కితే, లోకలైజేషన్ కింద కంట్రీస్ అని ఉంటుందే, అదే. సాఫ్ట్‌వేరు పెట్టే రోజున ఒకసారి తెరిచి, అన్నీ ఉన్నాయిలే అని మూసేసే పేజీ. అలా మూసేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అప్పుడు ఏం జరిగిందో ముందు చెప్పేస్తాను.

కొన్నేళ్ల కిందటి మాట. ఇది కాదు, వేరే ప్యాకేజీ, పేరు అనవసరం. ఒక పంపిణీ సంస్థకు పార్టీల జాబితాను, అంటే సరుకు కొనే వ్యాపారుల జాబితాను, ఎక్సెల్ నుంచి ఎక్కించాం. రాష్ట్రం గడిలో ఏపీ అని రెండే అక్షరాలు. దేశం గడి అసలు పెట్టలేదు, అందరూ మనవాళ్లేగా అనుకున్నాం. మొదటి రోజు బిల్లులు తీస్తే గుంటూరు మిర్చి వ్యాపారికి పన్ను సున్నా అని వచ్చింది. ఇదేమిటా అని ఆయన వివరాలు తెరిస్తే రాష్ట్రం అమపా, దేశం బ్రెజిల్! అమెజాన్ నది సముద్రంలో కలిసే చోట ఉంది ఆ రాష్ట్రం. దాని కోడూ ఏపీయే. ఇటలీలో అస్కోలి పిచేనో అని ఒక ప్రావిన్సు ఉంది, దానిదీ ఏపీయే. ప్యాకేజీ తనకు ముందు దొరికిన ఏపీని పట్టుకుంది, రాష్ట్రాన్ని బట్టి దేశాన్ని నింపుకుంది, పార్టీ పరాయి దేశంలో ఉన్నాడు కాబట్టి ఇది ఎగుమతి, పన్ను లేదు అని తేల్చుకుంది. దాని లెక్కలో దానికి తప్పేమీ లేదు. తప్పు మాది. పార్టీలనందరినీ ఒక్కొక్కరిగా చేత్తో సరిచేసుకుంటూ కూర్చున్నాం.

సరే, తెర మీద ఇప్పుడు ఇండియా రికార్డు చూడండి. పేరు, కరెన్సీ, రెండక్షరాల కోడ్, ఫోను కోడ్ 91. వీటి పక్కన చిరునామా ఏ వరుసలో అచ్చవ్వాలో చెప్పే అమరిక, పన్ను నంబరుకు ఏ పేరు చూపాలో చెప్పే గడి, రాష్ట్రం తప్పనిసరా, పిన్‌కోడ్ తప్పనిసరా అనే రెండు టిక్కులు. అన్నిటికీ కింద రాష్ట్రాల పట్టిక.

కొత్త దేశం చేర్చే బటన్ ఎక్కడుందో వెతకండి. దొరకదు. తీసేసే బటనూ లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. చేర్చుకునే వీలుంటే ఏమవుతుందో నేను చూశాను: ఒకరు ఇంగ్లండ్ అని, ఇంకొకరు యూకే అని, మూడోవారు గ్రేట్ బ్రిటన్ అని చేరుస్తారు. ఏడాది చివర రిపోర్టులో ఒక్క దేశపు అమ్మకం మూడు ముక్కలుగా వస్తుంది.

ఆ రెండు టిక్కుల దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. అవి పనికొచ్చేది ఆన్‌లైన్ దుకాణంలో ఆర్డరు పెట్టేవారి చిరునామాకు. ఆఫీసులో కూర్చుని పార్టీని నమోదు చేసే గుమాస్తా రాష్ట్రం ఖాళీగా వదిలేసినా అవి అడ్డం రావు. మన జీఎస్టీలో రాష్ట్రమే అసలు కీలకం కదా. సొంత రాష్ట్రంలో అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. పక్క రాష్ట్రానికి అమ్మితే ఐజీఎస్టీ. ఇక్కడ ఒక మార్కు తగ్గించాను.

జాబితాను కిందకు జరుపుతూ పోతే మీకో సందేహం రావాలి. ఐక్యరాజ్యసమితిలో సభ్యదేశాలు 193. దేశాలకు, ప్రాంతాలకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 3166లో దేశం కోడ్‌లు 249. మిగతావి ఎక్కడివి? గ్రీన్‌లాండ్, హాంకాంగ్, ప్యూర్టోరికో, రీయూనియన్ లాంటివి. జెండా ఎవరిదన్నది సాఫ్ట్‌వేరుకు పట్టదు. సరుకు ఎక్కడికి పోతుంది, పన్ను ఏ పద్ధతిలో పడుతుంది, అంతే. అందుకే ఈ జాబితాలో ఉత్తర ఐర్లాండ్ విడిగా కనిపిస్తుంది, ఎక్స్ఐ కోడ్‌తో. అది బ్రిటన్‌లో భాగమే. కానీ 2021 జనవరి 1 నుంచి అక్కడ సరుకుల వరకు యూరోపియన్ యూనియన్ వ్యాట్ నియమాలు నడుస్తున్నాయి, వ్యాట్ నంబరు ముందు ఆ రెండక్షరాలు ఉండాలి. గ్రీసుది ఇంకో తిరకాసు: దేశం కోడ్ జీఆర్, వ్యాట్ నంబరు మాత్రం ఈఎల్‌తో మొదలు.

దీనికి తిరగేసిన కథ కానరీ దీవులది. అవి స్పెయిన్‌వి, దేశం గడిలో స్పెయిన్ అనే రాయాలి, కానీ యూరప్ వ్యాట్ అక్కడ వర్తించదు. మరి సాఫ్ట్‌వేరుకు ఎలా చెప్పాలి? ఒడూలో ఫిస్కల్ పొజిషన్ అని ఉంది, ఏ పార్టీకి ఏ పన్ను వేయాలో చెప్పే నియమం. అందులో దేశంతో పాటు పిన్‌కోడ్ హద్దులు కూడా ఇవ్వవచ్చు. స్పెయిన్ పెట్టి, 35000 నుంచి 35999 వరకు ఒకటి, 38000 నుంచి 38999 వరకు ఇంకొకటి రాస్తే దీవుల్లోని రెండు ప్రావిన్సులూ అందులోకి వచ్చేస్తాయి. చిన్న గడే, కానీ ఇది ఆలోచించి పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. ఐరోపాకు సరుకు పంపే మనవాళ్లలో ఈ గడి సంగతి తెలిసినవారు నాకు తక్కువగానే కనిపించారు.

చిరునామా అమరిక గురించి ఎక్కువ చెప్పను. జర్మనీలో పిన్‌కోడ్ ముందు, ఊరు తరువాత. మనకు ఊరు ముందు. ఆ అమరికలో రాసే గడి పేరులో ఒక్క అక్షరం తప్పు కొడితే సేవ్ కానివ్వదు, మంచిదే.

ఇక మన ఇంటి విషయం. రాష్ట్రాల పట్టికలో తెలంగాణ కోడ్ టీఎస్ ఉండాలా, టీజీ ఉండాలా అని చాలామంది అడుగుతుంటారు. ఐఎస్‌ఓ వారు మొదట టీజీ అని ఇచ్చి, 2023 నవంబరులో టీఎస్‌గా మార్చారు. నాలుగు నెలలు తిరిగేసరికి, 2024 మార్చిలో, రాష్ట్రంలో కొత్త బండ్ల నంబర్లు టీఎస్ వదిలి టీజీకి వెళ్లాయి! ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి ఒకరినొకరు దాటిపోయారన్నమాట. మీ డేటాబేసులో ఏదున్నా కంగారు పడి మార్చకండి, ఎందుకంటే పాత ఎక్సెల్ ఫైళ్లు ఆ అక్షరాలనే పట్టుకుని ఉంటాయి. జీఎస్టీకి కావలసింది ఆ అక్షరాలు కావు, అంకెలు. తెలంగాణ 36.

ఆంధ్రప్రదేశ్ దగ్గర మాత్రం ఒకసారి ఆగి చూడండి. 28 అన్నది విభజనకు ముందటి ఆంధ్రప్రదేశ్ సంఖ్య, ఇప్పటిది 37. పాత ప్యాకేజీ నుంచి డేటా తెచ్చుకున్నవారి దగ్గర 28 ఇంకా అలాగే కూర్చుని ఉండవచ్చు. ఇండియా లోకలైజేషన్ అనే, మన దేశపు పన్నులకు సరిపడే అదనపు భాగం వేసుకుంటే రాష్ట్రం రికార్డులోనే ఈ సంఖ్యకు గడి ఉంటుంది. వీడియో ఇక్కడే ఆపి, ఆ గడి తెరవండి. తరువాత మీ విజయవాడ పార్టీ ఒకరి జీఎస్టీ నంబరు తీసి, మొదటి రెండు అంకెలు దానితో పోల్చండి.

నా మార్కులు అయిదుకు నాలుగు. చేర్చే బటన్ పెట్టనందుకే అందులో ఒకటి.