జేబులున్న డ్రెస్

అందరికీ నమస్కారం.

ఒక నీలం సూటు సంగతితో మొదలుపెడతాను. ఆస్ట్రేలియాలో కార్ల్ స్టెఫనోవిక్ అని ఒక టీవీ యాంకర్ ఉన్నారు. పొద్దున్నే వచ్చే ఒక షోను ఆయన, లిసా విల్కిన్సన్ అనే సహ యాంకర్ కలిసి నడిపేవారు. ఆమె ఏం వేసుకున్నా ప్రేక్షకుల నుంచి ఏదో ఒక విమర్శ వచ్చేది. అది చూసి చూసి ఆయన ఒక పని చేశారు. ఒకటి రెండు సందర్భాలు తప్ప, ఏడాది పొడుగునా అదే నీలం సూటు వేసుకుని కెమెరా ముందు కూర్చున్నారు. 2014 నవంబరులో ఆయనంతట ఆయన చెప్పేదాకా ఆ సూటు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఈ వార్త చదివినప్పుడు నేను లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే డ్రెస్ వారంలో రెండుసార్లు పడకుండా ఉండాలని ఎంత ఆలోచించేదాన్నో! సోమవారం ఏది వేశాను, పోయిన నెల మీటింగ్‌కి ఏది వేశాను, ఫొటోల్లో ఏది పడింది. ఇదంతా గుర్తుపెట్టుకోవడం కూడా ఒక పనే. జీతం లేని పని. పక్క సీట్లో కూర్చున్న మగవాళ్ళకు ఆ పని లేదు.

రోజువారీ బట్టల్లో ఆడవాళ్ళు నలుగురిలా ఉండాలా, తమలా తాము ఉండాలా అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ రెండిట్లో ఒకటి మంచిది, ఇంకొకటి చెడ్డది అని చెప్పడానికి నేను రాలేదు. ఎందుకంటే ఏది ఎంచుకున్నా మాట పడేది ఆమే. అందరిలా వేసుకుంటే సొంత టేస్ట్ లేదంటారు. వేరుగా వేసుకుంటే అందరి కళ్ళూ తన మీదే ఉండాలనుకుంటుందంటారు. అసలు పట్టించుకోకపోతే తన మీద తనకు శ్రద్ధ లేదంటారు. మూడింటికీ ఆమె దగ్గర సంజాయిషీ ఉండాలి. నన్ను బాధపెట్టేది ఆ సంజాయిషీ.

గియోర్గ్ జిమ్మెల్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1904లో ఫ్యాషన్ మీద ఒక వ్యాసం రాశారు. మనిషికి పదిమందిలో కలిసిపోవాలనీ ఉంటుంది, పదిమందిలో వేరుగా కనబడాలనీ ఉంటుంది, ఫ్యాషన్ ఈ రెండు కోరికలనూ ఒకేసారి తీరుస్తుంది అంటారు ఆయన. నిజమే. కొత్త రకం బట్ట వేసుకున్నప్పుడు పాతది వేసుకున్నవాళ్ళ నుంచి విడిపోతాం, అదే కొత్తది వేసుకున్నవాళ్ళతో కలుస్తాం. అందరూ వేసుకున్నాక ఇక అందులో వేరుగా కనబడేదేమీ మిగలదు కాబట్టి ఇంకొకటి వస్తుంది. ఫ్యాషన్ ఎప్పటికీ ఆగకపోవడానికి కారణం ఇదే.

ఆ వ్యాసంలో ఆడవాళ్ళ గురించి ఆయన ఇంకో మాట అన్నారు. మిగతా రంగాల్లో తమ ప్రత్యేకత చూపించుకునే దారులు మూసుకుపోవడం వల్ల, ఆడవాళ్ళు ఆ ప్రత్యేకతను బట్టల్లో చూపించుకుంటున్నారని. ఆ కాలానికి అది చాలా సూక్ష్మంగా చూసి చెప్పిన మాట. కానీ ఇప్పుడు చాలా దారులు తెరుచుకున్నాయి కదా, మరి బట్టల మీద పడ్డ ఆ బరువు ఎందుకు తగ్గలేదు? ఆడవాళ్ళ బట్టలు వాళ్ళ సరదా కోసం మాత్రమే అయితే ఈపాటికి తగ్గి ఉండాలి. చూసేవాళ్ళ లెక్కలు మారలేదు కాబట్టే అది తగ్గలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు 'నలుగురితో పాటు నారాయణా' అన్న ధోరణి గురించి. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నేను చూడను. నా మొదటి ఆఫీసులో ఆడవాళ్ళందరం దాదాపు ఒకేలా ఉండేవాళ్ళం. లేత రంగు చొక్కా, నల్ల ప్యాంటు, కొద్దిగా మడమ ఎత్తున్న చెప్పులు. ఎవరూ అలా వేసుకోమని చెప్పలేదు. అలా ఉంటే నా మీద మాట రాదని నాకు అర్థమైంది. మాట రాకపోతే నేను మీటింగ్‌లో చెప్పింది వింటారు. అది పిరికితనం అని ఎవరైనా అంటే ఒప్పుకోను. అప్పుడు నా దగ్గరున్న కొద్దిపాటి బలాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో నేను తేల్చుకున్నాను, అంతే.

అమెరికాలో ఆడవాళ్ళ హక్కుల కోసం పోరాడిన అమేలియా బ్లూమర్, ఎలిజబెత్ కేడీ స్టాంటన్ లాంటివాళ్ళు 1851 ప్రాంతంలో నేలను ఊడ్చే గౌన్లు వదిలేసి, మోకాళ్ళ కిందికి వచ్చే పొట్టి గౌను, దాని కింద వదులు ప్యాంటు వేసుకోవడం మొదలుపెట్టారు. నడవడానికి, మెట్లు ఎక్కడానికి, పిల్లల్ని ఎత్తుకోవడానికి అది హాయిగా ఉండేది. వీధిలో వాళ్ళను ఎగతాళి చేశారు, పత్రికలు బొమ్మలు వేసి నవ్వాయి. కొన్నేళ్ళకు వాళ్ళు ఆ దుస్తులు మానేశారు. జనం వాళ్ళ బట్టలే చూస్తున్నారు తప్ప ఓటు హక్కు గురించి, ఆస్తి హక్కు గురించి వాళ్ళు చెప్పేది వినడం లేదు. అంత ధైర్యవంతులు కూడా మళ్ళీ పొడుగు గౌన్లలోకి వెళ్ళారంటే ఏం వదులుకుని, ఏం కాపాడుకున్నారో మనం గౌరవంగా చూడాలి.

గుంపును అనుసరించడం ఆడవాళ్ళ స్వభావం అనే మాట కూడా వింటుంటాను. సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1951లో ప్రచురించిన ప్రయోగం చాలా ప్రసిద్ధం. కొన్ని గీతలు చూపించి, ఏది ఏ గీతకు సమానమో చెప్పమంటారు. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. కానీ గదిలో మిగతావాళ్ళందరూ ముందే అనుకుని తప్పు జవాబు చెబుతారు. అప్పుడు అసలు పరీక్షలో ఉన్నవాళ్ళలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా తమ కళ్ళను కాదని గుంపు జవాబే చెప్పారు. వాళ్ళందరూ మగ విద్యార్థులు. గుంపుకు లొంగడం మనిషి గుణం, ఆడ గుణం కాదు.

ఆష్ ప్రయోగాల్లో నాకు ఇంకా ముఖ్యంగా అనిపించేది వేరొకటి ఉంది. ఆ గుంపులో ఒక్కరు సరైన జవాబు చెబితే చాలు, పరీక్షలో ఉన్న మనిషి తప్పు చెప్పడం బాగా తగ్గిపోయింది. ఒక్కరు చాలు! మా ఆఫీసులో ఇది నా కళ్ళతో చూశాను. ఒక పెద్ద మేడమ్ బదిలీ మీద వచ్చారు. మొదటి రోజే ఎత్తు లేని బూట్లతో, పరుగుకు వేసుకునేలాంటి వాటితో వచ్చారు. ఎవరితోనూ ఏమీ అనలేదు. వారం తిరిగేసరికి ఇద్దరు, నెల తిరిగేసరికి సగం మంది మడమ చెప్పులు మానేశాం. అప్పటిదాకా అందరి పాదాలూ నొప్పి పెడుతూనే ఉన్నాయని అప్పుడు ఒకరికొకరం చెప్పుకున్నాం.

"ఎవరూ నిన్ను అంతగా చూడరు, నీ ఇష్టం వచ్చింది వేసుకో" అని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. దానికి ఆధారం కూడా ఉంది. 2000లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో, విద్యార్థులకు వాళ్ళు సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి ఒక గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వాళ్ళు అనుకున్నారు. నిజానికి గమనించింది నాలుగో వంతు మందే. నాకు ఇది చాలాసార్లు ఊరటనిచ్చింది. అయినా ఆ సలహా నేను ఏ అమ్మాయికీ పూర్తిగా ఇవ్వలేను. ఆ నీలం సూటును ఎవరూ చూడలేదు, నిజమే. దాని పక్కనున్న మనిషి బట్టల్ని మాత్రం రోజూ చూశారు.

ఇక చట్టాల సంగతి. 1800లో పారిస్ పోలీసులు ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోవాలంటే అనుమతి తీసుకోవాలి. తర్వాత సైకిల్ తొక్కేవాళ్ళకు, గుర్రం ఎక్కేవాళ్ళకు సడలింపు ఇచ్చారు. అప్పటికే ఎవరూ అమలు చేయని ఆ ఉత్తర్వు ఇక చెల్లదని అక్కడి ప్రభుత్వం చెప్పింది 2013లో. ఇలాంటివి కాగితం మీద చెరిపేయడం తేలిక. కళ్ళలోంచి చెరిపేయడమే కష్టం.

సొంత టేస్ట్ గురించి కూడా కాస్త నిజం మాట్లాడుకోవాలి. "ఈ రంగు నేనే ఎంచుకున్నాను" అంటాం. పాంటోన్ అనే రంగుల సంస్థ 2000 సంవత్సరం నుంచీ ఏటా 'ఈ ఏటి రంగు' అని ఒకటి ప్రకటిస్తోంది. రాబోయే రంగులు, డిజైన్లు ఏమిటో ముందే అంచనా వేసి బట్టల కంపెనీలకు అమ్మడమే వృత్తిగా ఉన్న సంస్థలు ఉన్నాయి. మనం షాపులోకి అడుగుపెట్టేసరికే ఎంపిక చాలావరకు అయిపోయి ఉంటుంది. ఇవన్నీ వద్దు, మామూలు టీషర్టు, మామూలు జీన్స్ చాలు అనుకున్నవాళ్ళను కూడా ఫ్యాషన్ వదల్లేదు. 2014 వచ్చేసరికి ఆ మామూలుతనానికే 'నార్మ్‌కోర్' అని పేరు పెట్టి ట్రెండ్ చేశారు. ఫోన్‌లో వీడియోలు చూసేటప్పుడు ఇది ఇంకా వేగం. ఒక రకం రెండుసార్లు ఆగి చూస్తే చాలు, మూడో రోజుకు లోకమంతా అదే వేసుకుంటోందని అనిపిస్తుంది.

మార్కెట్ మీద నా అసలు ఫిర్యాదు రంగుల గురించి కాదు, జేబుల గురించి. 2018లో ఒక అమెరికన్ పత్రిక బృందం 20 బ్రాండ్ల జీన్స్ తీసుకుని జేబులు కొలిచింది. ఆడవాళ్ళ జీన్స్ ముందు జేబులు మగవాళ్ళ వాటికన్నా సగటున 48 శాతం పొట్టిగా, 6.5 శాతం ఇరుకుగా ఉన్నాయి. ఫోన్ సగం బయటికి ఉంటుంది, చెయ్యి వేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. కొన్నిటికి జేబు కూడా ఉండదు, జేబులా కనబడే కుట్టు మాత్రం ఉంటుంది. యూరప్‌లో 17, 18 శతాబ్దాల్లో ఆడవాళ్ళు గౌను లోపల నడుముకు పెద్ద జేబు సంచులు కట్టుకునేవాళ్ళు. కత్తెర, తాళాలు, ఉత్తరాలు, డబ్బులు అన్నీ అందులోనే. 18వ శతాబ్దం చివర ఒంటికి అతుక్కునే సన్నని గౌన్లు ఫ్యాషన్ అయ్యాక ఆ సంచులు పట్టే చోటు లేకుండా పోయింది. చేతిలో చిన్న సంచి వచ్చింది. అప్పటినుంచీ మనకు ఒక చెయ్యి ఖాళీ లేదు.

ఇందులో అనుసరించడమా, వేరుగా ఉండడమా అన్న ప్రశ్నే రాదు. కావలసింది అల్మారాలో లేనప్పుడు దేన్ని ఎంచుకుంటాం? నేను ఇప్పుడు కొన్న ప్రతి డ్రెస్‌నూ టైలర్ దగ్గరికి తీసుకెళ్ళి జేబులు పెట్టిస్తాను. "షేపు పోతుంది మేడమ్" అంటారు ఆయన. "పోనీండి" అంటాను. ఈ మధ్య ఆయన ఆ మాట అనడం మానేసి లోతు ఎంత పెట్టమంటారని మాత్రమే అడుగుతున్నారు.

చివరగా ఒక సంగతి. ఇది చెప్పడం నాకు తేలిక కాదు. ఇంతసేపూ చూసేవాళ్ళు అన్నాను కదా, వాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఆఫీసులో నాకన్నా చిన్నమ్మాయి ఒకతె ఉండేది. ముదురు ఎరుపు డ్రెస్ ఒకటి వారానికి రెండుసార్లైనా వేసుకొచ్చేది. ఒకరోజు లంచ్‌లో, అందరి ముందూ, "మళ్ళీ ఇదేనా?" అన్నాను. ప్రేమగానే అన్నాననుకున్నాను. తను నవ్వేసింది. ఆ డ్రెస్ మాత్రం ఇక ఆఫీసులో కనబడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత కలిసినప్పుడు అడిగాను, అది ఎందుకు మానేశావని. తను గుర్తుచేసుకుని, "మీరు అన్నారు కదక్కా" అంది. నేను క్షమించమన్నాను. అంత ఇష్టమా అది నీకు అని అడిగాను.

"ఇష్టం అని కాదక్కా. దానికి జేబులుండేవి" అంది.