ఎండ కాస్తే వచ్చే వరద

శ్రోతలకు నమస్కారం. బెజవాడ వాళ్లకు వరద సంగతి ఒకరు చెప్పాలా? ఎగువన వానలు దంచికొడితే ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్ వరసగా నిండుతాయి. చివరికి మన ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ లేపుతారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన నీటిని కళ్లారా చూశాం. వాన పడితేనే మనకు వరద.

ఎండ కాస్తే వచ్చే వరద కూడా ఒకటుంది. మన పిల్లలు కెనడాలో చాలామందే ఉన్నారు కదా, వేసవి మొదట్లో అక్కడి వార్తల్లో ‘ఫ్రెషెట్’ అన్న మాట వాళ్ల చెవిన పడుతూ ఉంటుంది. చలికాలమంతా కొండల మీద పేరుకున్న మంచు కరిగి ఏట్లోకి దిగే నీరు అది. మన కృష్ణలో జూలైకి దిగే ఎర్రటి కొత్తనీటికి దాయాది అనుకోండి.

వాంకూవర్ దగ్గర సముద్రంలో కలిసే ఫ్రేజర్ నది కథ వినండి. 1948. ఆ ఏడు మంచు మెండుగా పడింది. పడితే పడింది, మెల్లగా కరిగితే గొడవే లేదు. కానీ చలి వదల్లేదు, ఏప్రిల్లో కరగాల్సిన మంచు కొండ మీదే ఉండిపోయింది. మే సగం దాటాక ఉన్నట్టుండి ఎండలు ముదిరాయి. వానలూ తోడయ్యాయి గానీ, అసలు నీరు మంచుదే. ఒక్కో కట్టా తెగింది. 16 వేల మంది దాకా ఇళ్లు వదిలి వెళ్లారు. రైలు మార్గాలు మునిగిపోయి వాంకూవర్‌కు మిగతా దేశంతో రాకపోకలు తెగిపోయాయి. మంచు ఎంత పడిందన్నది ఒక్కటే కాదండీ, ఎంత తొందరగా కరిగిందన్నదే అసలు లెక్క.

ఇదంతా మనకెందుకంటారా? ఏటా మే, జూన్ నెలల్లో చార్‌ధామ్‌కు మన జిల్లాల నుంచి బస్సుల కొద్దీ వెళ్తారు కదా. గంగోత్రి దాటి గోముఖ్ వైపు నడిచేవాళ్లు ముఖ్యంగా వినండి. పొద్దున మోకాలి లోతున్న వాగు సాయంత్రానికి తొడల దాకా రావచ్చు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, చినుకు పడదు, అయినా పెరుగుతుంది. పగటి ఎండకు పైన కరిగిన నీరు కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది మరి. అందుకని వాగులేవైనా పొద్దున్నే దాటండి. మధ్యాహ్నం భోంచేసి, ఓ కునుకు తీసి బయల్దేరదామనే మన అలవాటు అక్కడ పనికిరాదు. స్నానానికి దిగేటప్పుడు ఘాట్‌లో గొలుసు వదలకండి. ఆ చల్లదనానికి కాళ్లు ఇట్టే తిమ్మిరెక్కుతాయి, పట్టు తప్పింది కూడా తెలియదు. పెద్దవాళ్లకైతే ఒడ్డున కూర్చోబెట్టి చెంబుతో పోయండి, పుణ్యానికేం లోటు రాదు.