పెంకుటింటి వసారాలో పాడైన చెక్క స్తంభం మార్చడం ఎలా?

అందరికీ నమస్కారం. వైజాగ్ వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కి దగ్గర్లో ఉన్న మా పెద్దమ్మ వాళ్ళ పెంకుటింటి వసారాలో ఉన్నాను. దీనికి నాలుగు టేకు స్తంభాలు. ఇదిగో, ఈ రెండోది పాడైంది. ఈరోజు దీన్ని తీసి కొత్తది నిలబెడదాం.

ముందు ఒక చెంబు నీళ్ళు తెచ్చాను. స్తంభం పక్కన పోస్తున్నాను, చూడండి. మెట్ల వైపు పోవాలి కదా? పోవట్లేదు. స్తంభం మొదట్లోనే చేరి నిలిచిపోయాయి. అసలు జబ్బు ఇది. పాతకాలం మేస్త్రులు చెక్కకి నేల తగలకుండా కింద రాతి దిమ్మ పెట్టారు. తర్వాతెప్పుడో గచ్చు మీదే సిమెంటు పోసి టైల్స్ వేయించారు. నేల 3 అంగుళాలు లేచింది, రాయి అడుగున పడిపోయింది, చెక్క సిమెంటులో కూరుకుపోయింది. కోసిన కొస నుంచి చెక్క నీళ్ళు ఎలా పీలుస్తుందంటే, దీపంలో వత్తి నూనె పీల్చినట్టే. తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే కుళ్ళు పడుతుంది. ఆ వెనకే చెదలు.

ఇప్పుడు స్క్రూడ్రైవర్‌తో గుచ్చుతున్నాను. నడుం ఎత్తులో మొన కూడా దిగట్లేదు. కిందికి వస్తున్నాను... జానెడు ఎత్తులో, చూశారా, పిడి దాకా దిగిపోయింది. లాగితే తడి కాఫీ పొడిలాంటి పొట్టు వస్తోంది. పైన పెయింటు మాత్రం నిగనిగలాడుతోంది! అందుకే కంటితో చూసి సరిపెట్టుకోకండి, గుచ్చి చూడండి. కింద అడుగు మేర మాత్రమే పోతే అంతవరకు కోసి అతుకు వేయించుకోవచ్చు, మంచి పాత టేకుని పారేయక్కర్లేదు. మా దానికి చీలిక సగం పైకి పాకింది, కాబట్టి మొత్తం మారుస్తున్నాం.

అసలు టెన్షన్ ఇక్కడే. ఒక్కో మంగళూరు పెంకు దాదాపు రెండున్నర, మూడు కేజీలు. వాసాలు, దూలం బరువు వేరే. స్తంభాన్ని ముట్టుకునే ముందే ఆ భారాన్ని వేరే వాటి మీదికి తీసుకోవాలి. స్తంభానికి రెండు పక్కలా, అడుగున్నర దూరంలో, దూలం కింద రెండు లావుపాటి సరుగుడు కర్రలు నిలబెట్టాం. వాటి కింద మందపాటి పలక వేశాం, లేకపోతే టైల్ పగులుతుంది. కర్రలు పక్కకి జారకుండా ఏటవాలుగా పట్టీలు కొట్టాం.

ఇప్పుడు 5 టన్నుల బాటిల్ జాకీ. దూలానికీ జాకీకీ మధ్య చెక్క ముక్క పెట్టండి. ఒక్క పంపు కొట్టి ఆగండి, చెవి పెట్టి వినండి. చిన్న కిర్రు మామూలే. టప్ మని వినిపించినా, గోడ దగ్గర పెచ్చు రాలినా వెంటనే ఆపేయండి. మనకి కావలసింది రెండు మూడు మిల్లీమీటర్లే. స్తంభాన్ని చేత్తో తోస్తే కాస్త కదిలితే చాలు. ఎత్తిన వెంటనే కర్రల కింద చీలలు, అంటే ఏటవాలుగా చెక్కిన చెక్క ముక్కలు, బిగించాలి. జాకీలో నూనె ఒత్తిడి నెమ్మదిగా దిగిపోవచ్చు, దాన్ని నమ్మి కప్పు కింద ఎవరూ నిలబడకూడదు. పిల్లల్ని లోపలే ఉంచండి. ఈ పని ఒంటరిగా వద్దు, అనుభవం ఉన్న వడ్రంగి పక్కన ఉండాల్సిందే. పైన డాబా ఉంటే ఇంజినీరుని పిలవండి.

పాత పెయింటుని పొడిగా గీకి దుమ్ము లేపకండి. ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు, కాబట్టి అంతకు ముందు వేసిన పెయింటులో సీసం ఎక్కువ ఉండొచ్చు. తడిపి, మాస్కు పెట్టుకుని గీకండి.

కొత్త చెక్క కొనేటప్పుడు చేవ, అంటే మధ్యలో ముదురు రంగులో ఉండే గట్టి భాగం, చూడండి. అంచున తెల్లగా కనిపించే భాగాన్నే చెదలు ముందు తింటాయి. కొలత మాత్రం భారం కర్రల మీద ఉండగా దిమ్మ నుంచి దూలం దాకా తీసుకోండి, పాత స్తంభాన్ని కొలవొద్దు. దాని మొదలు ఎప్పుడో అరిగి కుంగింది.

టైల్స్ కోసి పాత దిమ్మని బయటికి తీశాం. నేలకంటే 2 అంగుళాలు ఎత్తుండేలా దాని మీద ఇంకో రాయి కూర్చోబెట్టి, చుట్టూ మెట్ల వైపు వాలు ఇచ్చాం. రాయి మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ దింపాం, స్తంభం దాని మీద దిగుతుంది. మామూలు ఇనుమైతే ఈ సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉబ్బి చెక్కనే చీలుస్తుంది. పైన దూలానికి కూడా స్టీలు పట్టీ వేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఎలా వీచిందో మనకి తెలుసు. గాలి వసారా కిందికి దూరితే కప్పుని పైకి ఎత్తుతుంది. అప్పుడు స్తంభం మోయడమే కాదు, పట్టుకోవాలి కూడా. ఈ పని మాత్రం తుపాన్ల రోజుల్లో పెట్టుకోకండి, జనవరి నుంచి మార్చి లోపు చేసుకోండి.

స్తంభం కొసకి రెండు పూతలు ప్రైమర్ కొట్టాకే నిలబెట్టండి, తర్వాత బ్రష్ అందదు. రెండు వైపులా తూకం గుండు వేలాడదీసి నిలువు చూసుకున్నాం. ఇప్పుడు చీలలు వదులు చేసి జాకీని నెమ్మదిగా దించుతున్నాను... కూర్చుంది. కర్రలు ఈ రాత్రికి అలాగే ఉంచుతాం.

పెద్దమ్మా, ఇంకో చెంబు నీళ్ళు ఇవ్వవా? స్తంభం పక్కనే పోస్తున్నాను. చూడండి, మెట్ల మీదికి వెళ్ళిపోయాయి.