సింబల్స్ సైజు గొడవ ఇక వదిలేయండి: ఆటోక్యాడ్ యానొటేటివ్ బ్లాకుల మీద నా రివ్యూ

అందరికీ నమస్కారం. కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ కొత్త వెర్షన్‌లో ఏమేం వచ్చాయో మీరు ఈపాటికే వేరే వీడియోల్లో చూసేసి ఉంటారు. ఆ లిస్టు నేను మళ్లీ చదవను. ముందే చెప్పేస్తున్నాను, ఈ వీడియో కోసం వాడిన లైసెన్సు ఒక డీలర్ ఉచితంగా ఇచ్చారు. ఏం మాట్లాడాలో వాళ్లు చెప్పలేదు, వీడియో ముందుగా చూడనూ లేదు. నేను మాట్లాడబోయేది యానొటేటివ్ బ్లాకుల గురించి. ఒకసారి గీసి మళ్లీ మళ్లీ వాడుకునే సింబల్‌ని బ్లాకు అంటాం, స్కేలును బట్టి తన సైజు తానే మార్చుకుంటే అది యానొటేటివ్. ఇది కొత్త ఫీచర్ కూడా కాదు. ఆటోక్యాడ్ 2008 నుంచీ ఉన్నదే. అయినా ఇప్పటికీ మన దగ్గర చాలామంది దాని జోలికి పోరు. అదే నా బాధ.

ఒక ఇల్లు తీసుకోండి. అప్రూవల్ షీటుకి 1:100, మేస్త్రి చేతికిచ్చే వర్కింగ్ డ్రాయింగ్‌కి 1:50, బాత్రూమ్ డీటెయిల్‌కి 1:20. తొమ్మిది అంగుళాల గోడ మోడల్‌లో, అంటే అసలు కొలతలతో గీసే చోట, ఎప్పుడూ 230 మిల్లీమీటర్లే. కానీ గ్రిడ్ బబుల్, అంటే గోడలు, స్తంభాల వరసను చూపే గీత చివర ఉండే గుండ్రం, ఏ షీటులో చూసినా కాగితం మీద 10 మిల్లీమీటర్లే ఉండాలి. అంటే మోడల్‌లో దాని సైజు 1000, 500, 200గా మారాలన్నమాట. బోర్డు మీద గీసే రోజుల్లో ఈ గొడవే లేదు. స్టెన్సిల్ పెట్టి గీస్తే గుండ్రం ఎప్పుడూ ఒకటే సైజు. మోడల్‌లో అన్నీ అసలు కొలతల్లో గీయడం మొదలయ్యాకే ఈ తలనొప్పి వచ్చింది.

నేను పని నేర్చుకున్న ఆఫీసులో ప్రతి సింబల్‌కీ మూడు బ్లాకులు, మూడు లేయర్లు (కావాలంటే చూపించి, వద్దంటే దాచుకునే పొరలు) ఉండేవి. ఓనర్ వచ్చి బెడ్‌రూమ్ అడుగు పెంచమంటే, బబుల్స్ మూడు చోట్ల జరపాలి. రెండు లేయర్లు ఆన్‌లో ఉండి మూడోది ఫ్రీజ్‌లో, అంటే దాచి ఉంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. పాత గ్రిడ్‌తో షీటు సైటుకి వెళ్లిపోయేది. ఫోన్లు, టెన్షన్, మళ్లీ ప్రింట్లు.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. 10 మిల్లీమీటర్ల సర్కిల్ గీశాను, కాగితం మీద ఎంత కావాలో అంతే. మధ్యలో 3.5 ఎత్తుతో ఒక యాట్రిబ్యూట్, అంటే ఒక్కో బబుల్‌లో వేరే అక్షరం రాసుకునే చోటు. బీ కొట్టి ఎంటర్. బ్లాక్ డైలాగ్‌లో యానొటేటివ్ అని ఒక చిన్న చెక్‌బాక్స్ ఉంది కదా, దానికి టిక్ పెట్టాలి. పని అంతా అక్కడే ఉంది. కింద స్టేటస్ బార్‌లో స్కేలు 1:100 పెట్టి ఇన్సర్ట్ చేస్తున్నాను. కొలిచి చూడండి, డయా 1000 వచ్చింది. ఇప్పుడు బబుల్ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో ఆబ్జెక్ట్ స్కేల్‌కి వెళ్లి 1:50 కూడా చేర్చాను. స్కేలు మార్చగానే అదే బబుల్ 500 అయింది. కాపీ లేదు, రెండో లేయర్ లేదు. కర్సర్ దాని మీదికి తీసుకెళ్తే రెండు త్రికోణాల గుర్తు కనిపిస్తుంది, ఒకటి కంటే ఎక్కువ స్కేళ్లు ఉన్నాయని అర్థం.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. 1:100లో బబుల్ పెద్దదై పక్క డైమెన్షన్ మీద పడుతుంది. గ్రిప్ (సెలెక్ట్ చేస్తే కనిపించే చిన్న చతురస్రం) పట్టుకుని పక్కకి జరిపితే ఆ స్కేలులో మాత్రమే జరుగుతుంది, 1:50లో దాని చోటు అలాగే ఉంటుంది. అదే మూవ్ కమాండ్ వాడితే అన్ని స్కేళ్లలోవీ కలిసి జరుగుతాయి. గ్రిడ్ లైన్ మారితే మూవ్, షీటు సర్దుకోవాలంటే గ్రిప్. ఈ తేడా తెలిస్తే ఒక పూట పని గంటలో అయిపోతుంది.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించేది. స్టేటస్ బార్‌లో మెరుపు గుర్తుతో ఒక బటన్ ఉంటుంది, ఆ సెట్టింగ్ (వేరియబుల్) పేరు యానోఆటోస్కేల్. అది ఆన్‌లో ఉండగా మీరు ఊరికే 1:20కి మార్చి చూశారనుకోండి, అప్పటి స్కేలులో ఉన్న యానొటేటివ్ వస్తువులన్నింటికీ 1:20 అంటుకుంటుంది. ఊరంతటి లేఅవుట్ డ్రాయింగ్‌లో నాలుగు స్కేళ్లు తిప్పితే నాలుగూ అంటుకుంటాయి. తర్వాత బాత్రూమ్ వ్యూపోర్ట్ (షీటు మీద మోడల్‌ని ఒక స్కేలులో చూపించే కిటికీ) తెరిస్తే ఎక్కడెక్కడివో టెక్స్టులు, డైమెన్షన్లు వచ్చి కూర్చుంటాయి. అంత పెద్ద పని చేసే బటన్‌ని అంత చిన్నగా, మామూలుగా నొక్కే బటన్ల మధ్యలో పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. నొక్కే ముందు ఒక్కసారి అడగాలి కదా! దాని విలువ మైనస్‌లో ఉంటే ఆఫ్ అన్నమాట, అలాగే ఉంచండి. కావాల్సిన స్కేలు మీరే చేర్చుకోండి.

ఇంకో కంగారు: "అన్నా, వ్యూపోర్ట్‌లో సింబల్స్ మాయమయ్యాయి" అని చాలామంది అడుగుతుంటారు. ఎక్కడికీ పోలేదు. ఆ వ్యూపోర్ట్ స్కేలు ఆ బ్లాకుకి లేదు, అంతే. స్కేలు చేర్చండి, వచ్చేస్తాయి.

మరి అన్నీ యానొటేటివ్ చేసేయొచ్చా? వద్దు. తలుపు, మంచం, కమోడ్ వీటికి అసలు కొలత ఉంది, వాటిని ముట్టుకోకండి. ఆరడుగుల మంచం స్కేలుతో పాటు మూడడుగులు కాకూడదు. లెవెల్ మార్కులు, సెక్షన్ మార్కులు, గ్రిడ్ బబుల్స్, ఎలక్ట్రికల్ పాయింట్లు, వీటికి మాత్రం తప్పకుండా కావాలి. నార్త్ సింబల్, టైటిల్ బ్లాక్ లేఅవుట్‌లోనే, అంటే ప్రింటు తీసే షీటు మీదే పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

ఎలక్ట్రికల్ వాళ్లు ఒక్క నిమిషం ఆగండి, ఇది మీకోసమే. లైట్ పాయింట్ సింబల్ అంచు దాకా వైరు గీత గీస్తాం కదా. 1:100లో చక్కగా అతుక్కుని ఉంటుంది. 1:50కి రాగానే సింబల్ సగమవుతుంది, గీత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మధ్యలో ఖాళీ. ప్రింటులో చూస్తే లైటుకి కనెక్షనే లేనట్టు ఉంటుంది. అందుకని గీతను సింబల్ మధ్య బిందువు దాకా గీయండి, బ్లాకు లోపల గుండ్రానికి వెనకాల ఒక వైపౌట్ (కింద ఉన్నది కనిపించకుండా కప్పేసే ముక్క) పెట్టండి. సింబల్ పెరిగినా తగ్గినా లోపలి గీత కనిపించదు, అంచు దగ్గర అతుకు చెదరదు. సింబల్స్‌ని డ్రా ఆర్డర్‌లో గీతల పైకి తెచ్చుకోవడం మర్చిపోవద్దు.

రెవిట్ అనే ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇదంతా విని నవ్వుకోవచ్చు. అక్కడ వ్యూ స్కేలు మారిస్తే సింబల్స్ వాటంతట అవే సర్దుకుంటాయి. నిజమే, ఆ విషయంలో రెవిట్ ముందుంది. కానీ మన దగ్గర చిన్న ఆఫీసుల్లో పని నడిచేది డీడబ్ల్యూజీ, అంటే ఆటోక్యాడ్ ఫైల్ మీదే. స్ట్రక్చర్ ఇంజినీర్ అడిగేదీ అదే, కాంట్రాక్టర్ అడిగేదీ అదే.

నా తీర్పు: ఆ మెరుపు బటన్ మీద కోపం ఉన్నా, ఈ ఒక్క సదుపాయం కోసం నేను ఆటోక్యాడ్ వదలను. దీనికోసమే అయితే ఫుల్ వెర్షన్ కొనక్కర్లేదు, దాని చిన్న వెర్షన్ ఎల్‌టీలోనూ ఉంది. ఆటోక్యాడ్ లాంటిదే అయిన బ్రిక్స్‌క్యాడ్ వాడేవాళ్లకీ యానొటేటివ్ ఉంది.

ఇప్పుడు చూపించిన బబుల్, లైట్ పాయింట్ బ్లాకుల ఫైల్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. స్కేళ్లు 1:100, 1:50 మాత్రమే ఉంచాను. 1:20 కావాలంటే మీరు చేర్చుకోండి.