ముప్పై ఒకటో తారీఖు, బుధవారం

అందరికీ నమస్కారం.

మనం కూర్చున్న ఈ సుల్తాన్‌బజార్ నుంచి గోకుల్ చాట్ దాకా ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు. 2007 ఆగస్టు 25, శనివారం. పొద్దుగూకాక అక్కడా, లుంబినీ పార్కులోనూ బాంబులు పేలాయి. 42 మంది చనిపోయారు. ఆ సాయంత్రం ఎక్కడున్నారంటే ఈ హాల్లో నలభై దాటినవాళ్లెవరూ తడుముకోరు. ఎవరికి ఫోన్ కలవలేదో, ఎవరు ఇంటికి చేరేదాకా గుమ్మంలోనే నిలబడ్డారో, పొయ్యి మీద ఏం మాడిపోయిందో అన్నీ చెప్తారు. ఇన్నేళ్లలో నేను చాలామందిని అడిగాను. ఒక మాట మాత్రం మళ్లీ మళ్లీ విన్నాను: "పది నిమిషాల ముందే అక్కణ్ణుంచి వచ్చేశాం మేడమ్." ఇంతమంది సరిగ్గా పది నిమిషాల ముందే ఎలా వచ్చేశారని ఒకప్పుడు అనుమానపడేదాన్ని. ఇప్పుడు పడను. అలాంటి కథే నేనూ ముప్పై ఏళ్లు చెప్పాను కాబట్టి.

నా కథ ఇది. 1984 అక్టోబర్ 31, బుధవారం. నేను తొమ్మిదో తరగతి. మాది బర్కత్‌పురా, స్కూలు కోఠి వైపు. మధ్యాహ్నం బెల్లు కొట్టి అందర్నీ ఇళ్లకు పొమ్మన్నారు. వస్తుంటే దారిలో ఇరానీ హోటల్ షట్టర్ సగం దించి ఉంది. బయట స్టూలు మీద రేడియో, చుట్టూ పాతికమంది మగవాళ్లు. రేడియోలో తెలుగులో చెప్పారు, ఇందిరాగాంధీ ఇక లేరని. తెల్ల బట్టలు కట్టుకున్న ఒక పెద్దాయన భుజం మీది కండువా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన చెయ్యి వణకడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

సోషల్ టీచర్ని. ఈ కథ ఎన్ని క్లాసుల్లో చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ క్లాసు నిశ్శబ్దమైపోయేది.

మొదటి దెబ్బ తోటి టీచరు నుంచి తగిలింది. "మధ్యాహ్నం రేడియోలో ఎలా విన్నారండీ?" అన్నారాయన. నిజమే. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ రోడ్డులో కాల్పులు జరిగింది ఉదయం తొమ్మిది దాటాక. బీబీసీ మధ్యాహ్నమే చెప్పేసింది కానీ, ఆకాశవాణి ఆమె మరణాన్ని అధికారికంగా ప్రకటించింది సాయంత్రం. ఇరానీ హోటల్ దగ్గర మధ్యాహ్నం తెలుగులో ఆ వార్త వచ్చే వీలే లేదు. రెండోది మా అక్క. "నువ్వు ఆ రోజు స్కూలుకెళ్తే కదే! జ్వరంతో పడుకున్నావు" అంది. అక్కతో రెండు రోజులు వాదించాను. నా కళ్లతో చూసినదాన్ని కాదంటుందేమిటని కోపం కూడా వచ్చింది.

మా నాన్న జమాఖర్చులు రాసేవారు. ఏ ఏడాదిది ఆ ఏడాది, పొడుగాటి పుస్తకం, ఎర్ర అట్ట. ఆయన పోయాక అవన్నీ అక్క దగ్గరే ఉన్నాయి. 84వ సంవత్సరం పుస్తకం తీసి నా ముందు పెట్టింది. నీలం సిరా కొంచెం వెలిసింది. ఆ రోజు పద్దు ఇలా ఉంది:

"31 బుధ. పాలు 3-50. చిన్నదానికి జ్వరం, డాక్టరు 10-00. మందులు 8-40. బ్రెడ్డు 2-25. ఇందిరమ్మ పోయింది."

ఆ ఆఖరి మాట ఎదురుగా అంకె లేదు. ఆ గడి ఖాళీగా వదిలేశారు.

అంటే నేను మంచం మీద ఉన్నాను. మరి ఆ షట్టర్, ఆ స్టూలు, ఆ కండువా ఎక్కడివి? ఆలోచిస్తే ఒక్కొక్కటే విడిపోయాయి. సగం దించిన షట్టర్లు బహుశా అంతకు ముందువి. ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించెయ్యడం, సెప్టెంబర్ 16న ఆయన మళ్లీ రావడం, ఆ మధ్యలో నగరంలో గొడవలు, కర్ఫ్యూ. ఆ రెండు నెలల్లో సగం మూసిన షట్టర్లు ఎన్ని చూశామో. కండువా పెద్దాయన బహుశా నవంబర్ 3న పక్కింటి టీవీ ముందు కూర్చున్నవాళ్లలో ఒకరు. అంత్యక్రియలు ఆ రోజే చూపించారు, వీధి మొత్తం ఆ ఒక్క గదిలోనే ఉంది. మూడు వేర్వేరు రోజుల ముక్కల్ని నా మనసు ఒక్క బుధవారానికి కుట్టేసింది. ఆ కుట్టు ఎక్కడా కనపడలేదు.

నేనొక్కదాన్నే కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1977లో రోజర్ బ్రౌన్, జేమ్స్ కూలిక్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి జ్ఞాపకాలకు ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకాలని పేరు పెట్టారు. కెమెరా ఫ్లాష్ వెలిగినట్టు మనసులో ఆ క్షణం అచ్చుపడిపోతుందని వాళ్ల ఊహ. అల్రిక్ నైసర్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్తకు ఆ మాట మీద అనుమానం. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాటి పొద్దున్నే నైసర్, నికోల్ హార్ష్ అనే పరిశోధకురాలు కలిసి విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ, ఎవరి ద్వారా విన్నారో కాగితాల మీద రాయించి దాచారు. రెండున్నరేళ్లు దాటాక వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగారు. అన్నీ సరిగ్గా చెప్పినవాళ్లు ముగ్గురు. ముఖ్యమైన సంగతులన్నీ తప్పు చెప్పినవాళ్లు 11 మంది. ఎవరో చెప్తే విన్నవాళ్లు కూడా టీవీలో చూశామన్నారు. సొంత చేతిరాత చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. కాగితం చేతిలో ఉన్నా మనసులో బొమ్మ మారదు. జమాఖర్చుల పుస్తకం చదివాక కూడా నాకు ఆ కండువా కనిపిస్తూనే ఉంది, అందుకే ఆ మాట నేను నమ్ముతాను.

ఆ నైసర్‌కే, 1941 డిసెంబర్‌లో అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన రోజు గురించి ఒక జ్ఞాపకం ఉండేది. రేడియోలో బేస్‌బాల్ ఆట వింటుంటే మధ్యలో ఆపి వార్త చెప్పారని. ఏళ్లు గడిచాక ఆయనకే తట్టింది, డిసెంబర్‌లో బేస్‌బాల్ ఆడరని.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత జెన్నిఫర్ టాలరికో, డేవిడ్ రూబిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో పరీక్ష చేశారు. ఆ జ్ఞాపకాన్నీ, అదే సమయంలో జరిగిన ఒక మామూలు సంగతినీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ ఒకేలా చెదిరిపోయాయి. తేడా ఒక్కటే, మామూలు సంగతి మీద నమ్మకం తగ్గింది, పెద్ద దుర్ఘటన మీద తగ్గలేదు.

అందుకే "పది నిమిషాల ముందే వచ్చేశాం" అన్నవాళ్లను నేను అబద్ధాలకోరులు అనను. చనిపోయినవాళ్లకు దగ్గరగా నిలబడాలని మనసుకు ఉంటుంది. దుఃఖం పంచుకోవడంలో అదొక పద్ధతి.

మా అమ్మమ్మది మెదక్ జిల్లా. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచారు, చనిపోయేనాటికి కూడా అక్కడి ఎంపీయే. "నేను ఓటేసిన మనిషిని ఇంట్లోనే కాల్చిన్రా?" అని అమ్మమ్మ ఏడ్చిందట. గాంధీగారు పోయిన 1948 జనవరిలో మా అమ్మమ్మ ఊరు ఇంకా నిజాం రాజ్యమే. అయినా ఆ రోజు ఊళ్లో పొయ్యి ముట్టించలేదని చెప్పేది. ఇదీ ఎంత నిజమో ఇప్పుడు అడగడానికి అమ్మమ్మ లేదు.

ఇక నేను చెప్పాలని వచ్చిన సంగతి.

ఆ బుధవారం తర్వాత మూడు నాలుగు రోజులు ఢిల్లీలో సిక్కులను వెతికి వెతికి చంపారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే ఒక్క ఢిల్లీలో 2,733 మంది. నా క్లాసులో, నా బెంచీలోనే ఒక సిక్కు అమ్మాయి ఉండేది. వాళ్లిల్లు గౌలిగూడ గురుద్వారా దగ్గర. నాకంటే చక్కని తెలుగు మాట్లాడేది. ముప్పై ఏళ్లు చెప్పిన నా కథలో ఆ అమ్మాయి లేదు. షట్టర్ ఉంది, స్టూలు ఉంది, చూడని పెద్దాయన చెయ్యి వణకడం కూడా ఉంది. నా పక్కన కూర్చునే పిల్ల ఆ వారం ఎక్కడుందో, ఎన్ని రోజులకు బడికొచ్చిందో ఒక్కసారి కూడా నాకు ప్రశ్నే రాలేదు. నా జ్ఞాపకం తప్పని తెలిసినప్పుడు పడని బాధ ఇది తట్టినప్పుడు పడ్డాను.

పాత స్నేహితుల ద్వారా నంబరు దొరికింది. పోయిన నెల ఫోన్ చేశాను. "ఆ వారం నువ్వెక్కడున్నావే?" అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఇక్కడ ఏమీ జరగలేదట. అయినా వాళ్ల నాన్న పిల్లలందర్నీ మేడ మీది గదిలో ఉంచి, కింద తలుపు దగ్గర తను మంచం వేసుకుని పడుకునేవారట. ఐదు రాత్రులు. ఢిల్లీలో వాళ్ల మేనమామ ఇంటి నుంచి ఏ కబురూ లేదు.

"నువ్వు నోట్సులు పంపించావుగా" అంది ఉన్నట్టుండి. "మీ నాన్నగారు సైకిలు మీద వచ్చి ఇచ్చారు. మా నాన్న తలుపు తీయడానికి భయపడితే, బయటి నుంచే మీ పేరు చెప్పి, కిటికీలోంచి అందించారు."

నాకు అసలు గుర్తులేదు. నన్ను మంచిదాన్ని చెయ్యడానికి ఆమె మనసు కూడా ఏదో కుట్టిందేమో అనుకున్నాను. అక్కకు ఫోన్ చేసి, నవంబర్ మొదటి వారం తియ్యమన్నాను. అవతల పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. గౌలిగూడ మా ఇంటికీ, నాన్న ఆఫీసుకీ దారి కాదు.

"ఉందే" అంది అక్క. "5 సోమ. పాలు 3-50. కూరలు 4-00. సైకిలు పంక్చరు, గౌలిగూడ, 1-00."