బెంచీ మీద ఏడు గంటల నిద్ర

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న మనస్తత్వశాస్త్ర విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ చెప్పిన మంచి మాటల్లో సగం నిజమే. ఏ సగమో చెప్పను.

మానవ శ్రేయస్సు అధ్యయనంలో కొత్త సాంకేతికతల గురించి మాట్లాడమన్నారు. రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉంది. ముందు ఒక రాత్రి సంగతి చెప్పుకోవాలి.

మా అన్నయ్యకు గుండె ఆపరేషన్. బయట బెంచీ మీద వెల్లకిలా పడుకుని, తెల్లవార్లూ పైనున్న ట్యూబ్‌లైటునే చూస్తూ గడిపాను. కదిలితే ఏ చెడ్డ కబురు వస్తుందో అన్నట్టు కదలలేదు. పొద్దున చేతి గడియారం మోగింది: ఏడు గంటలు చక్కగా నిద్రపోయారు, అభినందనలు! అది కదలికను, నాడి వేగాన్ని బట్టి నిద్రను అంచనా కడుతుంది. కదలకుండా మేలుకున్నవాడు దాని లెక్కలో నిద్రపోయినవాడే.

ఇలాంటి లక్షల రాత్రులను పోగుచేసి, జనం హాయిగా ఉన్నారని రేపెవరో పట్టిక గీస్తారు. నా రాత్రీ సుఖాల ఖాతాలోనే పడుతుంది. చెప్పండి, ఒప్పుకుంటారా?

యంత్రాల మీద నాకు కోపం లేదు. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే మనస్తత్వ పరిశోధకులు తమ అధ్యయనానికి ఫోన్‌నే వాడారు. రోజులో ఏదో ఒక క్షణాన అది మోగి, ఇప్పుడెలా ఉన్నారు, ఏం చేస్తున్నారు, మనసు ఆ పని మీదే ఉందా అని అడిగేది. 2,250 మంది జవాబులు చూస్తే, దాదాపు 47 శాతం సార్లు మనసు వేరేచోట ఉంది. అలా ఉన్నప్పుడు సంతోషమూ తక్కువే. 0 నుంచి 10 వరకు మెట్లున్న నిచ్చెన చూపించి, మీ జీవితం ఏ మెట్టు మీద ఉందని అడిగే పాత పద్ధతిలో ఇది దొరకదు. పైగా జ్ఞాపకానికి చేతివాటం ఎక్కువ. గమనించండి, ఆ ఫోను అడిగింది. అడిగింది!

2014లో వెలువడిన ఫేస్‌బుక్ ప్రయోగం అడగలేదు. 6,89,003 మందికి కనిపించే పోస్టుల్లో కొందరికి సంతోషపు మాటలు, కొందరికి విచారపు మాటలు తగ్గించి, వాళ్ల రాతలెలా మారతాయో చూసింది. తేలిన ప్రభావం గోరంత, రేగిన దుమారం కొండంత. ముఖం చూసి మనసు చెబుతామనే వ్యవస్థలను 2025 ఫిబ్రవరి నుంచి ఐరోపా సమాఖ్య పని చేసే చోట, చదువుకునే చోట నిషేధించింది, వైద్య, భద్రత అవసరాలకు తప్ప. మంచి పని.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. కాగితం జేబులోంచి రానే లేదు. అన్నయ్య ఏమయ్యాడో చెప్పకపోతే మీరు ఊరుకోరు. స్పృహ వచ్చాక నర్సు, "నొప్పి ఎంతుంది, పదిలో చెప్పండి" అన్నారు. అన్నయ్య నావైపు వేలు చూపించి, "ముందు వాణ్ణి అడగండి" అన్నాడు.